గొర్రెనిచ్చి రాత నేర్చుకున్న కుర్రవాడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

యూరప్‌లో అచ్చు పుస్తకం జనంలోకి వెళ్లిన తీరు గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. అందిన రోజే చదివి, మర్నాడు మళ్లీ చదివాను. మెడకు పెట్టె తగిలించుకుని ఊరూరా తిరిగే పుస్తకాల వర్తకుడి మీద రాసిన పేరా బాగుంది. ఏడో పేజీకి వచ్చేసరికి మాత్రం మనసు చివుక్కుమంది. ‘1640ల నాటి ఇంగ్లండులో నూటికి డెబ్బై మంది మగవాళ్లు సంతకం చేతగాక గీత గీశారంటే, అచ్చుయంత్రం వచ్చి రెండు వందల ఏళ్లు కావస్తున్నా ఆ జనం అక్షరం ముక్క రాని చీకట్లోనే ఉన్నారన్నమాట’ అని రాశావు. ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ ఒక్క వాక్యమే.

అంకె విషయంలో నువ్వు పొరపడలేదు. 1641-42లో పార్లమెంటు ఆదేశం మీద పద్దెనిమిదేళ్లు దాటిన మగవాళ్ల చేత ఊరూరా ప్రమాణం చేయించి చేవ్రాళ్లు పెట్టించారు. నేటికీ మిగిలి ఉన్న ఆ జాబితాలను లెక్కగట్టిన చరిత్రకారులకు తేలింది కూడా దాదాపు అంతే. కానీ సంతకం రానివాడికి చదవడం కూడా రాదని నువ్వే తీర్మానించేశావు. ఆ రోజుల్లో అక్కడ చదవడం ఒక విద్య, రాయడం మరొక విద్య. పిల్లవాడికి ముందుగా చేతికిచ్చేది పిడి ఉన్న చిన్న చెక్కపలక. దాని మీద అక్షరమాల, ఏసు నేర్పిన ప్రార్థన అచ్చయిన కాగితం అంటించి, మాసిపోకుండా పైన పలుచని కొమ్ము రేకు బిగించేవారు. ఆరేళ్ల వయసులో ఆ పలకతో మొదలుపెట్టి ప్రార్థనల వాచకం దాకా వచ్చాక, ఏడెనిమిదేళ్లకు గాని రాత మొదలయ్యేది కాదు. రాతకు ఈక కలం కావాలి, సిరా కావాలి, కాగితం కావాలి, చాలాచోట్ల గురువు కూడా వేరే కావాలి. సరిగ్గా ఆ వయసుకే పేదింటి పిల్లల చేతులు పనికి అక్కరకొచ్చేవి. బడి మానిన పిల్లవాడికి కూడబలుక్కుని చదవడం వచ్చేది, పేరు రాయడం వచ్చేది కాదు.

థామస్ ట్రయాన్ అనే ఆయన సంగతి నీ వ్యాసంలో ఎక్కడైనా వస్తుందేమోనని చివరిదాకా ఎదురుచూశాను. 1634లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో ఒక పల్లెలో పుట్టాడు. చిన్ననాడు బడికి పంపినా అక్షరాలు పట్టుబడకముందే పనిలో పెట్టారు. గొర్రెలు కాస్తూ పదమూడో ఏట చదువు మీద మనసు పుట్టి, ఒక వాచకం కొనుక్కుని, తోటి కాపరుల్లో ఇవాళ ఒకరిని, రేపు ఒకరిని పట్టుకుని మాట కూడబలకడం నేర్చుకున్నాడు. నేర్పినవాళ్లకు కూడా గడగడా చదవడం రాదని ఆయనే తన జీవిత కథలో చెప్పుకున్నాడు. చదవడం పట్టుబడ్డాక రాయాలనిపించింది. అప్పుడు చుట్టూ చూస్తే, ఆ కాపరుల్లో రాత నేర్పగలవాడు ఒక్కడూ లేడు. పేదల పిల్లలకు చదువు చెప్పే ఒక కుంటి యువకుడు గుర్తొచ్చి అతని దగ్గరికి వెళ్లాడు. అప్పటికి తనకంటూ ఉన్నవి రెండే గొర్రెలు. అక్షరాలు దిద్దించి, వాటిని కలిపి రాయడం నేర్పితే ఒక గొర్రె ఇస్తానని ఒప్పందం చేసుకున్నాడు. ఉన్న ఆస్తిలో సగం అన్నమాట. ఇప్పుడు నీ ఏడో పేజీ తీసి, ఆ కాపరులను ప్రమాణపు జాబితా ముందు నిలబెట్టు. అందరూ గీతే గీస్తారు. ట్రయాన్‌కు చదవడం నేర్పింది వాళ్లే.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. మా నాయనమ్మ రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, అక్షరం అక్షరం మీద వేలు జరుపుతూ పురాణం చదివేది. వాడకట్టు ఆడవాళ్లంతా చుట్టూ చేరి వినేవారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు పొలం రిజిస్ట్రేషనుకు ఆమె వెంట వెళ్లాను. గుమాస్తా ఏమీ అడక్కుండానే ఆమె బొటనవేలు సిరాలో అద్ది దస్తావేజు మీద ఒత్తించి, పక్కన ‘నిశానీ’ అని రాసుకున్నాడు. కలం ఇచ్చినా ఆమె తన పేరు రాయగలిగేది కాదన్నది నిజమే. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. రేపు ఏ పరిశోధకుడైనా దాన్ని చూసి ఆమెను అక్షరం రానివాళ్ల లెక్కలో వేస్తాడు. ట్రయాన్ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ నల్లటి వేలే.

ఫోటోకాపీలు లేని రోజుల్లో రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం లైబ్రరీలో కూర్చుని నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుని, దీని మీద నా మొదటి పెద్ద వ్యాసం తయారుచేశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ‘పరాయి దేశపు గొర్రెల కాపరి మన పాఠకులకెందుకు’ అని ఆ భాగం మొత్తం కొట్టేసి, అచ్చుయంత్రం బొమ్మ వేసి, పైన ‘అక్షర విప్లవం’ అని శీర్షిక పెట్టాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ కోపం చల్లారలేదు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఫ్యాషన్ అదే. ఒక మహానుభావుడు, ఒక తేదీ, ఒక యంత్రం, ఆ వెంటనే విప్లవం. నీ మొదటి రెండు పేజీలు కూడా అలాగే నడిచాయి.

జర్మనీలోని మైన్జ్‌లో, యూరప్ అచ్చుయంత్రానికి ఆద్యుడైన గూటెన్‌బర్గ్ 1455 నాటికి అచ్చువేసిన బైబిలు ప్రతులు సుమారు 180. లాటిన్‌లో ఉన్న ఆ పెద్ద గ్రంథాలు ఎక్కువగా చర్చిలకూ మఠాలకూ చేరాయి. కాపరి చేతికి వచ్చినవి వేరు. 1660లలో ఇంగ్లండులో ఏటా సుమారు 4 లక్షల పంచాంగాలు అమ్ముడయ్యేవి. సంతల తేదీలు, చంద్రుడి కళలు, వాన జోస్యాలు వాటిలో ఉండేవి. ఒక పెన్నీకి దొరికే పాటల కాగితాన్ని సారాయి దుకాణం గోడకు అంటించేవారు. చదవగలిగినవాడు ఒకడు పాడితే మిగతావాళ్లు నేర్చుకునేవారు. ఫ్రాన్స్‌లోని త్రువా పట్టణంలో ఊదో కుటుంబం 17వ శతాబ్దం మొదట్లో నాసిరకం కాగితం మీద, అరిగిపోయిన అచ్చులతో, నీలి అట్టల చిన్న పుస్తకాలు వేయడం మొదలుపెట్టింది. సాధువుల కథలు, వీరుల కథలు, వంటల పద్ధతులు అన్నీ అందులో ఉండేవి. నీ వర్తకుడి పెట్టెలో ఇవే ఉండాలి. వాటి పక్కనే సూదులు, దారం, రిబ్బన్లు కూడా ఉండాలి. ఆ పెట్టెను అంత చక్కగా వర్ణించి మూత మాత్రం తెరవలేదు నువ్వు.

చదవడం నేర్పి రాయడం వదిలేయడంలో పేదరికంతో పాటు మతం పాత్ర కూడా ఉంది. చర్చికి కావలసింది విశ్వాసి దేవుడి మాట చదవడం. స్వీడన్‌లో 1686 నాటి చర్చి చట్టం తర్వాత పాస్టరు ఇంటింటికీ వెళ్లి చదివించి, ఎవరికెంత వచ్చిందో పుస్తకంలో నమోదు చేసేవాడు. అక్కడ 18వ శతాబ్దం చివరికి దాదాపు జనమంతా చదవగలిగారు, రాయగలిగినవాళ్లు చాలా తక్కువ. ఫ్రాన్స్‌లో పెళ్లి రిజిస్టర్ల లెక్క ప్రకారం 1686-90లో సంతకం చేసిన వధువులు నూటికి 14 మంది, వందేళ్ల తర్వాత 27 మంది. కానీ ఆడపిల్లలకు చదవడం నేర్పి అక్కడితో ఆపేసిన బడులు ఎన్నో ఉండేవి కాబట్టి, మిగతా 73 మందిలో ప్రార్థన పుస్తకం చదువుకోగలిగినవాళ్లు లేరని ఎవరూ అనలేరు.

‘తెలుగు పాఠకుడికి ఇందులో ఏముంది’ అని అడిగావు. జర్మనీలోని హాలే పట్టణంలో 1710లో మొదలైన ఒక సంస్థ, పేజీల కోసం కూర్చిన అచ్చు అక్షరాలను విడదీయకుండా మళ్లీ మళ్లీ ముద్రించడానికి అలాగే ఉంచి, పేదలకు అందే ధరలో బైబిళ్లు వేసింది. మద్రాసులో క్రైస్తవ మతప్రచారకుడిగా పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746 ప్రాంతంలో మన తొలి తెలుగు అచ్చు పుస్తకాలను వేయించింది ఆ హాలేలోనే. ఆ కాపరి చేతిలోని వాచకమూ ఈ పుస్తకాలూ, దేవుడి మాట ప్రతి విశ్వాసీ చదవాలన్న ఒకే ఆలోచన పంట. ఇది చాలదా?

కలంపేరు గురించి, పుస్తకంగా ఎవరు వేస్తారన్న దాని గురించి అడిగినవాటికి ఇప్పుడు జవాబు రాయడం లేదు. ముందు ఏడో పేజీ తిరగరాయి. మొదటి రెండు పేజీలు తీసేసి, వర్తకుడు ఊళ్లోకి అడుగుపెట్టే చోట మొదలుపెట్టు. సంక్రాంతి లోపు పంపు. ఈమధ్య నా కళ్లకు చిన్న అక్షరాలు ఆనడం లేదు, కాస్త పెద్దగా రాయి.

ఆశీస్సులతో.