పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఉపగ్రహం మీదుగా మాట్లాడేటప్పుడు

ప్రశ్న: ఈ ఏడాదే హ్యామ్ రేడియో (అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్సు వచ్చింది. ఎస్‌ఓ-50 ఉపగ్రహం వచ్చినప్పుడల్లా మా డాబా మీద నుంచి అయిదు వాట్ల వాకీటాకీతో పిలుస్తున్నాను, ఎవరూ పలకడం లేదు. యాభై వాట్ల సెట్టు కొనమని ఒకరు సలహా ఇచ్చారు. మొన్న ఒక సీనియర్ మాత్రం, నేను ఇతరుల మాటలకు అడ్డు వస్తున్నానని కోప్పడ్డారు. నాకు ఎవరి మాటా వినపడనప్పుడు నేను అడ్డు ఎలా అవుతాను?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: వినపడకుండానే మాట్లాడుతున్నారు కాబట్టే అడ్డు అవుతున్నారు. 2002 డిసెంబరులో ప్రయోగించిన ఆ చిన్న ఉపగ్రహం 145.850 మెగాహెర్ట్జ్‌లో అందుకున్న మాటను 436.795లో కిందికి పంపుతుంది. పంపే శక్తి సుమారు పావు వాటు మాత్రమే. మీ అయిదు వాట్ల గొంతు పైకి చక్కగానే చేరుతోంది, పైనుంచి వచ్చే పావు వాటే మీ చెవిన పడడం లేదు. సెట్టు పవరు పదింతలు చేసినా మీ వినికిడి వీసమెత్తు పెరగదు సరికదా, ఎఫ్‌ఎంలో బలమైన సంకేతం బలహీనమైనదాన్ని పూర్తిగా అణచివేస్తుంది గనుక, కొలంబోలోనో కొచ్చిలోనో చిన్న సెట్టు చేతపట్టుకుని మాట్లాడుతున్న మనిషి మీరు మీట నొక్కినంతసేపూ ఎవరికీ వినపడడు. ఆ సీనియర్ కోపం న్యాయమైనదే, ఇంకొంచెం నెమ్మదిగా చెప్పి ఉండవలసింది.

కొనవలసింది యాంటెన్నా. సెట్టుతో వచ్చిన రబ్బరు యాంటెన్నా పక్కన పెట్టి, 435 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి నాలుగైదు కడ్డీల యాగీ (ఒక దిక్కుకే గురిపెట్టే యాంటెన్నా) ఒకటి సంపాదించండి, లేదా అల్యూమినియం కడ్డీలతో మీరే చేసుకోండి. మీ వైపు డాబాల చుట్టూ కొబ్బరితోటలే కదా. ఆకులు, అందులోనూ వానకు తడిసిన ఆకులు, ఈ తరంగాలను బాగా పీల్చేస్తాయి. కొండలు లేని డెల్టాలో ఏటిగట్టు మీదనో, వరిచేల నడుమ కాలువగట్టు మీదనో నిలబడితే ఉపగ్రహం నేలను ఆనుకుని ఉన్నప్పటి నుంచే వినవచ్చు. స్క్వెల్చ్ (సంకేతం లేనప్పుడు బుసను ఆపే ఏర్పాటు) పూర్తిగా తెరిచి ఉంచండి, ఆ బుస ఎంత చికాకు పెట్టినా సరే. డాప్లర్ ప్రభావం (కదలికను బట్టి ఫ్రీక్వెన్సీ మారడం) వల్ల, ఉపగ్రహం ఎదురుగా వస్తున్నప్పుడు 436.805 దగ్గర, నడినెత్తికి వచ్చేసరికి 436.795లో, దూరమవుతున్నప్పుడు 436.785 దగ్గర వినవలసి ఉంటుంది. గొంతు ఉన్నట్టుండి సన్నబడితే యాంటెన్నా కడ్డీలను మణికట్టుతో పావు చుట్టు తిప్పి చూడండి, చాలాసార్లు మాట తిరిగి తేరుకుంటుంది.

మొదట కొన్ని పాసులు (ఉపగ్రహం మీ ఆకాశం దాటే విడతలు) మీట ముట్టుకోకుండా వినడానికే కేటాయించండి. ఎవరు ఎవరిని పిలిచారో, ఎవరి జవాబు ఇంకా రావలసి ఉందో తెలిశాక, రెండు సంభాషణల మధ్య ఖాళీలో మీ కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చిన గుర్తింపు పేరు), మీ గ్రిడ్ (మీరున్న చోటును తెలిపే గుర్తు) ఎన్‌కే06 ఒక్కసారి చెప్పి ఆగండి. హెచ్‌ఎఫ్‌లో (షార్ట్‌వేవ్‌లో) లాగా ‘సీక్యూ’ (ఎవరైనా పలకండి) అని పదేపదే పిలిచే తీరిక ఇక్కడ లేదు. కాల్‌సైన్ చెప్పకుండా ‘హలో, హలో, టెస్టింగ్’ అనడం అంతకన్నా చెడ్డది. ఉపగ్రహం అందుకోవాలంటే మాటతో పాటు 67 హెర్ట్జ్ టోను (అడుగున మోగే ధ్వని) వెళ్లాలి. ఉపగ్రహాన్ని పది నిమిషాల పాటు మేల్కొలిపే 74.4 హెర్ట్జ్ టోను, అప్పటికే మాటలు వినిపిస్తుంటే, మళ్లీ పంపనక్కరలేదు. వీలుంటే రెండో రిసీవరు ఒకటి ఇయర్‌ఫోనుతో పెట్టుకుని మీ గొంతు మీకే తిరిగి వస్తోందో లేదో గమనించండి. రాకపోతే వెంటనే మీట వదిలేయండి, మరొకరి వంతు నడుస్తూ ఉండవచ్చు.

రోజూ కలిసే నలుగురే ప్రతి పాసులోనూ కుశలప్రశ్నలు వేసుకోవడం నాకు అన్నిటికన్నా కష్టం కలిగించే అలవాటు. చట్టరీత్యా తప్పు కాదు. కానీ పన్నెండు, పదమూడు నిమిషాల పాసులో వాళ్ల ముచ్చట్లు ముగిసేసరికి, అరుదైన గ్రిడ్ నుంచి ఆ ఒక్కరోజుకే సెట్టు తెచ్చుకున్న మనిషికి ఉపగ్రహం దిగిపోతుంది.

ప్రశ్న: ఆర్‌ఎస్-44 ఉపగ్రహంలో ఒకేసారి చాలామంది మాట్లాడుకోవచ్చు కదా, అక్కడైనా ఎక్కువ పవరు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వాడకూడదు, కారణం మాత్రం వేరు. అది లీనియర్ ట్రాన్స్‌పాండర్. 60 కిలోహెర్ట్జ్ వెడల్పులో వచ్చిన సంకేతాలన్నిటికీ ఉన్న కొద్దిపాటి శక్తినే పంచి కిందికి పంపుతుంది. ఒకరు గట్టిగా అరిస్తే మిగతా అందరి వాటా తగ్గిపోతుంది. 435.605 మెగాహెర్ట్జ్‌లో వినిపించే ఉపగ్రహ బీకన్‌తో (గుర్తు సంకేతంతో) మీ డౌన్‌లింక్‌ను (కిందికి తిరిగి వచ్చే మీ సంకేతాన్ని) పోల్చుకుని, దానికన్నా బలంగా ఉంటే, వినపడేంత మేరకు పవరు తగ్గించండి. ఎఫ్‌ఎం అసలు వాడవద్దు. మీ గొంతు ఎక్కడ వస్తోందో వెతుక్కోవడానికి ఈల వేస్తూ బ్యాండు అంతా ఈదడం కూడా సరికాదు. ఖాళీ చోటు చూసుకుని, దానికి సరిపడే అప్‌లింక్‌ను (పైకి పంపవలసిన ఫ్రీక్వెన్సీని) ముందే లెక్కకట్టి, తక్కువ పవరుతో మొదలుపెట్టాలి. 2005 మేలో శ్రీహరికోట నుంచి ఇస్రో ప్రయోగించిన హ్యామ్‌శాట్‌లోనూ ఇదే రకం ట్రాన్స్‌పాండర్లు ఉండేవి. మన దేశపు పాత హ్యామ్‌లు చాలామంది ఈ క్రమశిక్షణ దాని మీదే నేర్చుకున్నారు.

ప్రశ్న: భీమవరంలోని మిత్రుడితో అంతరిక్ష కేంద్రం రిపీటరు (అందుకున్న మాటను తిరిగి పంపే సెట్టు) మీదుగా తెలుగులో మాట్లాడుతుంటే కొందరు అభ్యంతరం చెబుతున్నారు. తెలుగు మాట్లాడడం తప్పా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: వాళ్ల అభ్యంతరం తెలుగు మీద కాకపోవచ్చు. ఆ రిపీటరు ఒకేసారి నాలుగు వేల కిలోమీటర్లకు పైబడిన వెడల్పు ప్రాంతానికి వినిపిస్తుంది, మాట్లాడే దారి మాత్రం ఒకటే. మొదటి పరిచయం అక్కడ చేసుకుని కాల్‌సైన్, గ్రిడ్ ఇచ్చిపుచ్చుకుంటే ఎవరూ కాదనరు. మీ ఊళ్ల మధ్య చదునైన నేలే గనుక, ఇంటిపైన మంచి యాంటెన్నాలుంటే 145 మెగాహెర్ట్జ్‌లో నేరుగానే మాట్లాడుకోవచ్చు, అప్పుడు ఎంతసేపు మాట్లాడుకున్నా అంతరిక్ష కేంద్రం దిగిపోతుందన్న తొందర ఉండదు.