టెక్ సందేహాలు: సూపర్‌మార్కెట్ కొలువులో చేరే ముందు

ప్రశ్న: బీకాం పూర్తి చేశాను. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థలో గ్రాడ్యుయేట్ ట్రెయినీగా వచ్చే నెల హైదరాబాద్‌లో చేరుతున్నాను. కొన్ని నెలలు స్టోర్‌లో పని చేయించి, తర్వాత స్టాక్ ప్లానింగ్ విభాగానికి పంపుతామన్నారు. సాధన కోసం ఒక సీఎస్‌వీ ఫైల్‌ను (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ పట్టిక) ఎక్సెల్‌లో తెరిస్తే బార్‌కోడ్‌లన్నీ 8.90123ఈ+12 అని కనిపిస్తున్నాయి. వీలుకప్ (ఒక పట్టికలోని కోడ్‌ను మరో పట్టికలో వెతికే ఫార్ములా) చేస్తే #ఎన్/ఏ, అంటే ‘దొరకలేదు’ అని వస్తోంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లోపం మీ ల్యాప్‌టాప్‌ది కాదు. బార్‌కోడ్ అంకెలతో రాసి ఉన్నా అది లెక్క కట్టే సంఖ్య కాదు, వస్తువు పేరు లాంటిది. ఆ తేడా తెలియని ఎక్సెల్ దాన్ని సంఖ్యగా తీసుకొని కుదించి చూపుతుంది. అంతవరకు నష్టం లేదు, ఎందుకంటే 15 అంకెల వరకు అసలు విలువ గడిలో భద్రంగానే ఉంటుంది. అయితే అలా కుదించి కనిపిస్తున్నప్పుడే ఫైల్‌ను మళ్లీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే మాత్రం చివరి అంకెలు పోయి సున్నాలు మిగులుతాయి, అవి ఇక తిరిగి రావు. కాబట్టి ఫైల్‌పై నేరుగా డబుల్ క్లిక్ చేయకుండా, డేటా ట్యాబ్‌లోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెచ్చుకొని, ‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’లో బార్‌కోడ్ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే లోడ్ చేయండి.

వీలుకప్ విఫలం కావడానికి కారణం కూడా చాలాసార్లు ఇదే. ఒక షీట్‌లో బార్‌కోడ్ టెక్స్ట్‌గా, మరో షీట్‌లో సంఖ్యగా ఉంటే, కంటికి రెండూ ఒకటే అయినా ఎక్సెల్‌కు వేర్వేరు. రెండు వైపులా టెక్స్ట్‌గా మార్చండి. ఫార్ములా చివర ఫాల్స్ అని రాయడం మరవకండి. అది లేకపోతే ఎక్సెల్ దగ్గరి విలువను వెతుకుతుంది, ఒక్కోసారి వేరే వస్తువు ధర తెచ్చి పెడుతుంది. #ఎన్/ఏ కన్నా ఇది ప్రమాదకరం, ఎందుకంటే తప్పు జరిగినట్లు ఎవరికీ తెలియదు.

బార్‌కోడ్‌ను కూడా ఒకసారి చదవడం నేర్చుకోండి. 890తో మొదలైతే ఆ కోడ్‌ను మన దేశంలో బార్‌కోడ్ నంబర్లు కేటాయించే సంస్థ జీఎస్1 ఇండియా ఇచ్చిందని అర్థం. సరుకు ఇక్కడే తయారైందని దాని నుంచి తేల్చలేము. చివరి అంకె సరిచూసుకోవడానికి పెట్టినది. ఉదాహరణకు 8901234567890 తీసుకోండి. మొదటి 12 అంకెల్లో బేసి స్థానాల మొత్తం 28. సరి స్థానాల మొత్తం 34, దాన్ని మూడుతో హెచ్చిస్తే 102. రెండూ కలిపితే 130, తర్వాతి పదికి చేరడానికి ఇంకేమీ అక్కర్లేదు కనుక చివరి అంకె సున్నా. కూరగాయలు తూచి అంటించే లేబుళ్ల కోడ్‌లు సాధారణంగా 2తో మొదలై, బరువునో ధరనో తమలోనే మోస్తాయి. వాటిని మొత్తంగా వీలుకప్‌కు ఇస్తే దొరకవు, వస్తువు కోడ్ ఉన్న భాగాన్ని విడదీసి వెతకాలి.

స్టోర్‌లో గడిపే నెలలను తక్కువగా చూడవద్దని నా మనవి. బిల్లింగ్ కౌంటర్‌లో కస్టమర్ రెండు రుచుల నూడుల్స్ రెండేసి ప్యాకెట్లు పెట్టారనుకోండి. ధర ఒకటే కదా అని ఒక ప్యాకెట్‌ను స్కాన్ చేసి నాలుగు అని కొడితే బిల్లు సరిగ్గానే వస్తుంది, స్టాక్ మాత్రం రెండు చోట్ల తప్పుతుంది. ఒక రుచి ర్యాక్‌లో ఖాళీ అయినా, సిస్టమ్‌లో ఇంకా రెండు ఉన్నట్లే కనిపిస్తుంది. నిల్వ ఉందనుకున్న సాఫ్ట్‌వేర్ కొత్త సరుకుకు ఆర్డర్ పెట్టదు. రేపు ప్లానింగ్ విభాగంలో మీ ముందుకు వచ్చే అంకెలు ఈ కౌంటర్ల దగ్గర పుట్టినవే. వాటిలో వేటిని అనుమానించాలో హ్యాండ్‌హెల్డ్ స్కానర్ పట్టుకొని స్వయంగా స్టాక్ లెక్కపెట్టిన వారికి త్వరగా పట్టుబడుతుంది.

ల్యాప్‌టాప్‌కు ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఆఫీసు పనికి సంస్థే ఇస్తుందేమో ముందు హెచ్‌ఆర్‌ను అడగండి. ఇంట్లో ఉన్నది విండోస్ 10 అయితే, దాని సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, విండోస్ 11కు మారడానికి వీలుందేమో చూడండి.

ప్రశ్న: సూపర్‌మార్కెట్‌లో మేనేజ్‌మెంట్ ట్రెయినీ ఉద్యోగమంటూ వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది. యూనిఫామ్, శిక్షణ కోసం 2,500 రూపాయలు కట్టి, వారు పంపిన ఏపీకే (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే ఫైల్) యాప్ వేసుకోమంటున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: డబ్బు కట్టవద్దు, యాప్ వేసుకోవద్దు. ఇలాంటి యాప్‌కు మెసేజ్‌లు చదివే అనుమతి ఇస్తే మీ బ్యాంకు ఓటీపీలు అవతలివారి చేతికి వెళ్తాయి. నిజంగా ఆ సంస్థలో ఖాళీలు ఉన్నాయేమో దాని సొంత వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీలో చూడండి. ఇప్పటికే యాప్ వేసుకొని ఉంటే, ముందు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపి, మరో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపివేయించండి. తర్వాత ఆ యాప్‌ను తీసేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆధార్ ఫొటో కూడా పంపి ఉంటే, అధికారిక ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్రలు, కనుపాపలను ఇతరులు వాడకుండా ఆపే తాళం) పెట్టుకోండి.