పట్నం కంటే ముందు పల్లె చూసిన టీవీ

ప్రశ్న: హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైందని పోటీ పరీక్షల పుస్తకంలో చదివాను. మా అమ్మమ్మేమో 1975లోనే వాళ్ల ఊళ్లో టీవీ చూశానంటోంది. ఏది కరెక్టండీ?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: రెండూ కరెక్టేనమ్మా. అమ్మమ్మగారు చూసింది హైదరాబాద్ స్టేషన్ కాదు, ఉపగ్రహం నుంచి నేరుగా ఊళ్లోకి దిగిన టీవీ. ‘సైట్’ అని ఇస్రో, నాసా కలిసి చేసిన ప్రయోగం అది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, సరిగ్గా ఏడాది నడిచింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు తీసుకుంటే అందులో మన మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాద్, కర్నూలు జిల్లాల ఊళ్లూ ఉన్నాయి. అదే ఆగస్టు 15న గానీ మద్రాసు నగరానికి టీవీ స్టేషన్ రాలేదు, అంటే అమ్మమ్మగారి ఊరు మద్రాసు కంటే రెండు వారాలు ముందుందన్నమాట! ఈ సంగతి మీ ఊళ్లో అందరికీ చెప్పండి.

ఊరికి ఒకటే సెట్టు, జనమంతా దాని ముందే. బయట పది అడుగుల గొడుగు లాంటి యాంటెన్నా, అది కూడా కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీతో చేసిందే. అహ్మదాబాద్ నుంచి కార్యక్రమం పైకి పంపితే అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం కిందికి పంపేది, ఒకే బొమ్మకి రెండు భాషల మాట జోడించే వీలు కూడా ఉండేది. పొద్దున బడి పిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్లకి వ్యవసాయం, ఆరోగ్యం లాంటివి. తెలుగువి తయారు చేయడానికి హైదరాబాద్‌లో ఒక కేంద్రం పెట్టారు. ఉపగ్రహం ఏడాదికే అరువిచ్చారు కాబట్టి గడువు అయిపోగానే వెనక్కి తీసుకున్నారు, ఊళ్లలో సెట్లు మూగబోయాయి. ఆ ఊళ్లలో కొన్నిటికైనా మళ్లీ బొమ్మ అందాలని నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టిన చోట్లలో హైదరాబాద్ ఒకటి. 1977 అక్టోబరు 23న అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. మీ పుస్తకంలో ఉన్నది ఈ తేదీయే.

తెలుగు టీవీ అనగానే అందరూ దూరదర్శన్ సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరి దగ్గర మొదలుపెడతారు. పాటలు నాకూ ఇష్టమే, కానీ రైతు కోసం, బడి పిల్లాడి కోసం వచ్చిన టీవీ అని ఒక్క మాటైనా రాయకపోతే ఎలా? అప్పుడు పెద్దవాళ్లుగా ఆ సెట్టు చూసినవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్లు. అమ్మమ్మగారిని కూర్చోబెట్టి ఏమేం చూశారో, సెట్టు ఎవరు ఆన్ చేసేవాళ్లో అన్నీ అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి, ఆలస్యం చేయకండి.

ప్రశ్న: టీవీలో తెలుగు వార్తలు మొదట చదివింది ఎవరు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: శాంతిస్వరూప్ గారు, 1983 నవంబరు 14 సాయంత్రం. అప్పట్లో టెలిప్రాంప్టర్, అంటే కెమెరా దగ్గరే వార్త కనిపించే తెర, లేదు. కాగితం మీదున్న వార్త ముందే బట్టీపట్టి, తలెత్తి మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు, ఏళ్ల తరబడి అలాగే చదివారు. రోజూ మారే పేర్లు, అంకెలు తడబడకుండా చెప్పడం ఎంత టెన్షనో ఆలోచించండి. 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ప్రశ్న: డాబా మీద పాత యాంటెన్నా ఉంది. దానికి దూరదర్శన్ వస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రాదండీ. దేశంలో అలాంటి యాంటెన్నాలకి సిగ్నల్ పంపే పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ 2022 నాటికి ఆపేశారు. చిన్న డిష్షు, సెట్‌టాప్ బాక్సు ఒకసారి కొనుక్కుంటే దూరదర్శన్ వాళ్ల ఉచిత ఉపగ్రహ సర్వీసు డీడీ ఫ్రీ డిష్ వస్తుంది, నెలనెలా కట్టేదేం ఉండదు. రాష్ట్రం విడిపోయాక ఛానల్ కూడా రెండైంది కదా, విజయవాడ నుంచి సప్తగిరి, హైదరాబాద్ రామంతాపూర్ నుంచి యాదగిరి. రెండూ అందులో చూడొచ్చు.