కుక్కకు మత్తిచ్చి పళ్ళు క్లీన్ చేయించడం: అంత ఖర్చు ఎందుకవుతుంది, పెట్టడం అవసరమా?

మీ ప్రశ్న ఇది: ఏడేళ్ళ చిన్న జాతి కుక్క, నోరు కంపు కొడుతోంది, పై దవడ పళ్ళకు గోధుమరంగు గార పట్టింది. డాక్టరు మత్తిచ్చి క్లీన్ చేయాలన్నారు, ఎస్టిమేట్ చూస్తే గుండె గుభేలుమంది. ఇంకోచోట మత్తు అక్కర్లేదు, అందులో చిన్న వంతుకే చేసేస్తాం అంటున్నారు. ఎటు వెళ్ళాలి?

మత్తు లేకుండా చేసేదానికి దయచేసి డబ్బు పెట్టకండి. అదే పనిని వాళ్ళు చవగ్గా చేస్తున్నారనుకుంటే పొరపాటు, అది అసలు వేరే పని. కుక్క పంటిలో సగానికి పైగా చిగురు కిందే ఉంటుంది, జబ్బు కూడా అక్కడే ఉంటుంది. మెలకువగా ఉన్న కుక్కను అదిమిపట్టి పైకి కనిపించే గారను గీకేస్తే పళ్ళు తెల్లగా మెరుస్తాయి, చిగురు కిందిది ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. గీకిన చోట సన్నని గీతలు పడతాయి, పాలిషింగ్ చేయకపోతే ఆ గీతల్లో పాచి మరింత త్వరగా పేరుకుంటుంది. అన్నిటికంటే పెద్ద నష్టం మీకొచ్చే ధీమా. పళ్ళు బాగయ్యాయనుకుని ఏడాది గడిపేస్తారు, ఈలోగా లోపల ఎముక కరిగిపోతుంటుంది.

జబ్బు నడక తెలిస్తే ఖర్చు ఎందుకో అర్థమవుతుంది. శుభ్రం చేసిన కొన్ని గంటల్లోనే పళ్ళ మీద మెత్తని పాచి పొర కట్టడం మొదలవుతుంది. ఇది బ్రష్‌తో పోతుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టి గార అవుతుంది, ఇక బ్రష్ దాన్ని కదిలించలేదు. పాచి చిగురు కిందికి దిగితే వాపు వస్తుంది, ఆ తర్వాత పంటిని పట్టి ఉంచే కణజాలం, ఎముక కరుగుతాయి. వాపు దశలో ఉన్నంతవరకు పూర్తిగా వెనక్కి తేవచ్చు. కరిగిన ఎముక మాత్రం మామూలుగా తిరిగి రాదు.

బిల్లులో గార గీకే పని చిన్న భాగమే. ఎక్కువ భాగం మత్తుకు, అది ప్రమాదం లేకుండా సాగడానికి పోతుంది: ముందు రక్త పరీక్షలు (రక్తకణాలు, కిడ్నీ, లివర్), రక్తనాళంలోకి కాన్యులా (మందు ఎక్కించే సన్నని గొట్టం), సెలైన్, గొంతులోకి ట్యూబు, గుండె కొట్టుకునే తీరు, రక్తపోటు, ఆక్సిజన్, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి కనిపెట్టి చూడ్డానికి ప్రత్యేకంగా ఒక మనిషి. ఆ ట్యూబు విషయంలో రాజీ వద్దు. స్కేలర్ (గార వదలగొట్టే పరికరం) నుంచి నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి, బాక్టీరియాతో నిండిన ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపేది ట్యూబు చుట్టూ గాలి నింపిన కఫ్. ‘కొంచెం మత్తు సూది వేసి చేసేస్తాం, ట్యూబు అక్కర్లేదు’ అన్నారంటే అక్కడినుంచి వచ్చేయండి.

ఇక అసలు విలువ పరీక్షలో ఉంది. ఎదిగిన కుక్కకు 42 పళ్ళు. గీతలున్న సన్నని ప్రోబ్‌ను పంటికీ చిగురుకూ మధ్య దించి, ఒక్కో పంటి చుట్టూ కొన్నిచోట్ల లోతు కొలుస్తారు. సాధారణంగా 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, బాగా చిన్న కుక్కల్లో ఇంకా తక్కువ. పై కోరపన్ను చూడ్డానికి బాగానే ఉంటుంది, చిగురు కూడా గులాబీ రంగులోనే ఉంటుంది. అంగిలి వైపు నుంచి ప్రోబ్ దించితే ఒక్కోసారి 7, 8 మిల్లీమీటర్లు దిగిపోతుంది, అటువైపు ముక్కులోంచి రక్తం చుక్క కనబడుతుంది. అంటే నోటికీ ముక్కుకూ మధ్య ఎముక కరిగి దారి పడిందన్నమాట. నెలల తరబడి తుమ్ములకు మందులు వాడిన కుక్కల్లో కొన్నిటి అసలు సమస్య ఇదే. మెలకువగా ఉన్న కుక్క ఈ పరీక్ష చేయనివ్వదు.

ఎక్స్‌రే కూడా అలాంటిదే. చిన్న కుక్కల్లో కింది దవడ మొదటి మోలార్ (వెనకవైపు పెద్ద పన్ను) వేళ్ళు దాదాపు దవడ ఎముక అడుగు అంచు దాకా దిగి ఉంటాయి. అక్కడ ఎముక కరిగిందో లేదో చూడకుండా పన్ను లాగితే దవడే విరగొచ్చు. తీసిన తర్వాత ఇంకో ఎక్స్‌రే తీస్తే వేరు ముక్క లోపల ఉండిపోలేదని తెలుస్తుంది.

ఎస్టిమేట్ ఒక్కసారిగా పెరిగేది పళ్ళు తీయాల్సి వచ్చినప్పుడే. పై దవడలో మాంసం కోసే పెద్ద పన్నుకు (నాలుగో ప్రీమోలార్) మూడు వేళ్ళుంటాయి. చిగురు విప్పి, పన్నును మూడు ముక్కలుగా కోసి, ఒక్కో వేరూ విడిగా తీసి, ఎముక అంచులు నునుపు చేసి, కరిగే దారంతో కుట్టాలి. ఇదంతా మత్తు సమయంలోనే, నొప్పి తెలియకుండా నరం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి చేయాలి. అందుకే కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాసివ్వమని అడగండి. ఎక్స్‌రేలు, పన్ను తీత, నొప్పి మందులు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ రోజు ఫోను దగ్గర పెట్టుకోండి, కుక్క మత్తులో ఉండగానే డాక్టరు మీ నిర్ణయం అడగాల్సి వస్తుంది.

తగ్గించుకోగలిగినవీ ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మామూలు క్లీనింగ్ అయితే యాంటీబయాటిక్ కోర్సు సాధారణంగా అక్కర్లేదు. పాచి పట్టకుండా పళ్ళ మీద పూసే సీలెంట్ మీ ఇష్టం. పాల పళ్ళు ఊడకుండా ఉండిపోయిన కుక్కపిల్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే అవీ తీయిస్తే ఒక్క మత్తుతో పోతుంది. రక్త పరీక్షలు, ఎక్స్‌రే మాత్రం కొట్టేయకండి. వయసు ఒక్కటే మత్తుకు అడ్డు కాదు, కానీ గుండెలో మర్మర్ (మామూలు చప్పుడుతో పాటు అదనపు శబ్దం) వినిపిస్తే ముందు గుండె స్కాన్ చేయించాలి.

ఆ తర్వాత ఇంట్లో బ్రష్ చేయకపోతే పెట్టిన డబ్బు త్వరగానే వృథా అవుతుంది. పన్ను తీయకపోతే రెండు మూడు రోజులాగి మొదలుపెట్టవచ్చు. తీస్తే దాదాపు రెండు వారాలు మెత్తని తిండి, బ్రష్ వద్దు, నమిలే బొమ్మలు వద్దు. మెత్తని బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా పెట్టి పళ్ళ బయటి వైపు రుద్దండి, ముఖ్యంగా పై దవడ వెనక పళ్ళు. రోజూ చేయాలి, వారానికోసారి చేస్తే ఆలోపే పాచి గార అయిపోతుంది. మనుషుల పేస్టు వాడొద్దు, కుక్క ఉమ్మదు, మింగేస్తుంది. అందులో జైలిటాల్ (తీపి కోసం కలిపే పదార్థం) ఉంటే కుక్కకు విషం. నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మీ అంతట మీరు ఇవ్వకండి. గోరుతో నొక్కితే సొట్ట పడనంత గట్టి ఎముకలు, కొమ్ములు ఇస్తే ఆ మూడు వేళ్ళ పన్నే చీలిపోతుంది.

మీ కుక్క విషయానికొస్తే, కంపు, గార రెండూ ఉన్నాయి కాబట్టి ఎక్స్‌రేతో సహా చేసేచోట అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఒకటి రెండు పళ్ళు తీయాల్సి రావచ్చని లెక్కలో పెట్టుకోండి. అప్పటిదాకా బ్రషింగ్ మొదలుపెట్టకండి. చిగుళ్ళు నొప్పిగా ఉన్నప్పుడు బ్రష్ పెడితే అది బ్రష్ అంటేనే భయపడుతుంది, తర్వాత నెలల తరబడి నోరు తెరవనివ్వదు. ఈలోపు రోజుకోసారి పెదవి మెల్లగా పైకెత్తి, వెంటనే ఇష్టమైన తినుబండారం ఇస్తూ ఉండండి.