వేడి చేస్తే అన్నీ ఎక్కువ కరుగుతాయా?

మీరు అడిగినవి రెండు: ఉప్పు నీళ్లలో కరిగితే ఎక్కడికి పోతుంది, నీళ్లు వేడి చేస్తే ఏదైనా ఎక్కువ కరుగుతుందా అని. నేను మాస్టర్ని కాను. అనంతపురం దగ్గర మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది, డ్రిప్‌లో మందులు కలిపి వదలడం నా పని. డిగ్రీలో బట్టీపట్టిన కెమిస్ట్రీ నాకు డ్రమ్ము దగ్గరే అర్థమైంది.

ఉప్పు ఎక్కడికీ పోదు. ఉప్పు రాయిలో సోడియం, క్లోరైడ్ అయాన్లు (ఆవేశమున్న కణాలు) ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నీటి అణువుకు ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ వైపు కాస్త ధనావేశం. అటువైపు సోడియాన్ని, ఇటువైపు క్లోరైడ్‌ను చుట్టుముట్టి లాగేస్తాయి. నూనెకు ఆ పట్టు లేదు, అందుకే అందులో ఉప్పు కరగదు.

యూరియాలో అయాన్లు లేవు. అణువులు అణువులుగానే విడిపోయి నీటితో హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటాయి. బకెట్లో యూరియా పోసి కట్టెతో తిప్పుతూ పక్కన చెయ్యి పెట్టి చూడండి, మే నెల ఎండలో కూడా జివ్వుమంటుంది. గుళికలోని అణువులను విడదీయడానికయ్యే శక్తి, నీటితో కలిసినప్పుడు తిరిగొచ్చే శక్తి కన్నా ఎక్కువ. ఆ లోటు నీళ్ల వేడిలోంచే పూడుతుంది. లోటున్నా ఎందుకు కరుగుతుందంటారా? వరుసగా పేర్చి ఉన్న అణువులు చెల్లాచెదురవడం వైపే మొగ్గు, ఎంట్రోపీ అనేది అదే. కాస్టిక్ సోడా అయితే ఉల్టా, డబ్బా పట్టుకోలేనంత కాలుతుంది.

ఇక రెండోది. వేడిని బాగా లాక్కుంటూ కరిగేవి వేడి నీళ్లలో ఇంకా కరుగుతాయి. మేము 13-0-45 అనే పొటాషియం నైట్రేట్ 100 గ్రాముల నీటిలో 0 డిగ్రీల దగ్గర సుమారు 13 గ్రాములు, 60 దగ్గర సుమారు 110 గ్రాములు కరుగుతుంది. డిసెంబరు పొద్దున మొండికేసిన మందు ఎండెక్కాక కలిసిపోయేది ఇందుకే. ఉప్పుకు ఆ లోటు నామమాత్రం, కాబట్టి మరిగే నీళ్లలో కూడా 36 గ్రాములు కాస్తా 39 అవుతుంది, అంతే. వాయువులైతే వేడికి బయటికొచ్చేస్తాయి. నీళ్లు కాగేముందు గిన్నె అడుగున అంటుకునే చిన్న బుడగలు కరిగి ఉన్న గాలే.

మీరు అడగలేదు గానీ, విడివిడిగా కరిగినవి కలిపితే కరిగే ఉంటాయని అనుకోవద్దు. పక్క తోటాయన కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ ఒకే డ్రమ్ములో పోశాడు. ‘ఏమప్పా ఇది, పెరుగు తోడుకున్నట్టు అయిపాయ’ అని ఫోన్ చేశాడు. కాల్షియం, సల్ఫేట్ కలిస్తే జిప్సం, అది లీటరు నీటికి రెండు గ్రాముల పైచిలుకే కరుగుతుంది. మిగతాదంతా డ్రిప్పర్లలో ఇరుక్కుంది. బోరు నీళ్ల సున్నమైతే యాసిడ్‌కు పోతుంది, జిప్సం అంత సులువుగా పోదు. మేము ఆ రెండూ వేర్వేరు రోజుల్లో వదులుతాం.