ఫైళ్లు సర్దితే లాభమేంటని ఎండీ అడిగితే ఏం చెప్పాలి?

మీ కంపెనీ సమాచారం షేర్డ్ డ్రైవ్‌లో కొంత, మెయిళ్లలో కొంత, వాట్సాప్‌లో కొంత చెల్లాచెదురుగా ఉందన్నారు. దానికో పద్ధతి పెడదామంటే "దానివల్ల వచ్చే లాభం చూపించు" అన్నారట మీ ఎండీ గారు. నేను యంత్రాలు తయారుచేసే కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోల్ చూశాను, తర్వాత కాంట్రాక్టుల విభాగానికి మారాను. ఆ రెండు చోట్లా కళ్లారా చూసిందే చెబుతాను.

"ఫైళ్లు వెతకడానికి రోజుకు ఇంత టైం పోతోంది, అది మిగులుతుంది" అనే లెక్క మాత్రం తీసుకెళ్లకండి. ఆయన నమ్మరు, నమ్మకపోవడంలో తప్పూ లేదు. అలా మిగిలిన పది నిమిషాలు జీతాల బిల్లులో ఎక్కడా కనబడవు. కస్టమరో, ఆడిటరో, లాయరో, కంపెనీలో వాటా కొనడానికి వచ్చినవాళ్లో "ఏదీ, చూపించండి" అన్న రోజునే సమాచారం విలువ తెలుస్తుంది.

మా ఆర్డర్ ఒకటి ఆలస్యమైంది. కస్టమర్ ఎల్డీ కింద, అంటే ఆలస్యానికి కాంట్రాక్టులో ముందే రాసుకున్న పరిహారం కింద, బిల్లులో కోత పెట్టాడు. అసలు ఆలస్యం వాళ్లదే. మేం పంపిన డ్రాయింగులకు అప్రూవల్ ఇవ్వడానికే వారాల తరబడి నానబెట్టారు. ఆ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన డబ్బు తిరిగి రాదు కదా. ఏ డ్రాయింగు, ఏ రివిజన్, ఏ తేదీన వెళ్లింది, అవతల ఎవరు అందుకున్నారు, కామెంట్లతో ఎప్పుడు తిరిగొచ్చింది అన్నది చూపించాలి. అదృష్టవశాత్తూ ఆ ప్రాజెక్టుకు ట్రాన్స్‌మిటల్ రిజిస్టర్, అంటే ఏ కాగితం ఎప్పుడు ఎవరికి పంపామో రాసుకునే పట్టీ, మొదటి నుంచీ సక్రమంగా నడిచింది. పంపిన ప్రతిదానికీ ఒక నంబరు, అందిందంటూ కస్టమర్ ఇచ్చిన మెయిలు దానికి జతగా ఉన్నాయి. అది బల్ల మీద పెట్టాక వాదన ఒక్క సిట్టింగ్‌లో తేలిపోయింది, కోసిన మొత్తం తిరిగొచ్చింది.

ఇంచుమించు అదే సమయంలో ఇంకో ప్రాజెక్టులో అచ్చం ఇలాంటి గొడవే వచ్చింది. అక్కడ డ్రాయింగులన్నీ ఒక ఇంజినీరు తన పేరు మీదున్న ఆఫీసు మెయిల్ ఐడీ నుంచే పంపేవాడు. అతను ఉద్యోగం మానేశాడు, ఐటీ వాళ్లు మెయిల్‌బాక్స్ మూసేశారు. న్యాయం మా వైపే ఉన్నా చూపించడానికి చేతిలో ఏమీ లేక డబ్బు వదులుకోవాల్సి వచ్చింది.

రికార్డుల నిర్వహణకు ఐఎస్ఓ 15489 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2001లో వచ్చింది, 2016లో సవరించారు. నమ్మదగిన రికార్డు అసలైనదై ఉండాలని, జరిగింది జరిగినట్టు చెప్పాలని, మధ్యలో ఎవరూ మార్చనిదై ఉండాలని, కావలసినప్పుడు దొరకాలని అది చెబుతుంది. ఆ రిజిస్టర్ నిలబడింది సరిగ్గా ఈ గుణాల వల్లే. ఎవరైనా దిద్దగలిగే ఎక్సెల్ షీటు ఒక్కటే పట్టుకెళ్లి ఉంటే "ఇది నిన్న రాత్రి తయారుచేసుకున్నారు" అనేవాళ్లు.

షాప్ ఫ్లోర్‌లో జరిగే నష్టం ఇంకో రకం. ఒక షాఫ్ట్ వ్యాసం మారి డ్రాయింగు రివిజన్ సీ నుంచి డీకి వెళ్లింది. పర్చేజ్ వాళ్లు పాత ఆర్డర్‌ను కాపీ చేసి కొత్తది వేశారు, దానికి తగిలించిన పాత పీడీఎఫ్ కూడా అలాగే వెళ్లిపోయింది. వెండర్ కాగితంలో ఉన్నట్టే చేసి పంపాడు, అన్నీ స్క్రాప్‌లోకి పోయాయి. అకౌంట్స్‌లో అది 'రిజెక్షన్' కింద పడింది. ఇందాకటి రెండో ప్రాజెక్టు గొడవలో పోయిన డబ్బు 'ఎల్డీ' కింద పడుతుంది. సమాచారం సరిగా లేక పోయిన డబ్బుకు విడిగా పద్దంటూ ఏదీ లేదు. మీ ఎండీ గారికి ఈ నష్టం కనబడకపోవడానికి కారణం ఇదే. ఆయన్ని తప్పుపట్టలేం.

దాచుకోవడంతో పాటు ఎవరి వివరాలు ఎక్కడున్నాయో తెలిసి ఉండడం, సమయం వచ్చాక తీసేయడం కూడా ఇందులో భాగమే. మీకు యూరప్‌లో వ్యక్తిగత కస్టమర్లుంటే 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే యూరోపియన్ యూనియన్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం చూడండి. ఒక మనిషి తన వివరాలు అడిగితే సాధారణంగా నెలలోపు ఇవ్వాలి. తీవ్రమైన ఉల్లంఘనలకు జరిమానా 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 4 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు వేయొచ్చు. ఎవరి వివరాలు ఎక్కడున్నాయో తెలియని కంపెనీకి ఆ నెల సరిపోదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ కొటేషన్లతో ఆయన గదిలోకి వెళ్లకండి. అకౌంట్స్ వాళ్లతో కూర్చుని గత రెండేళ్ల ఎల్డీ కోతలు, క్రెడిట్ నోట్లు, రిజెక్షన్లు, రెండుసార్లు చెల్లించిన బిల్లులు బయటికి తీయించండి. ఏ కాగితం దొరక్క, లేదా ఏ పాత కాగితం వాడి అది జరిగిందో ఒక్కోదాని పక్కన రాయండి. డిజైన్ లోపం వల్లో, మెటీరియల్ వల్లో జరిగినవి చాలానే ఉంటాయి, వాటిని నిజాయితీగా కొట్టేయండి. మిగిలిన మొత్తం చిన్నదైనా ఫరవాలేదు, అది మీ కంపెనీ సొంత లెక్క కాబట్టి ఆయన కొట్టిపారేయలేరు.

ఆ కాగితం చూపించాక కూడా ఒకేసారి అన్నీ అడక్కండి. ప్రాజెక్టుకో ఉమ్మడి మెయిల్ ఐడీ, డ్రాయింగులకు ఒకే చోటు, కొత్త రివిజన్ రాగానే పాతదాన్ని అక్కడి నుంచి తీసేసే బాధ్యత పేరు పెట్టి ఒక మనిషికి. మొదటి ఆరు నెలలకు ఇవి చాలు, వీటికి సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని కూడా లేదు.