ఇల్లు – అలంకరణ: విడిది ఇంటికి టీవీ వారు వస్తామంటే

ప్రశ్న: నేనూ మావారూ విజయవాడలో ఇంటి అలంకరణ పనులు చేస్తుంటాం. హైదరాబాదులో ఉండే ఒక కుటుంబం భీమిలి దగ్గర సముద్రానికి ఎదురుగా కట్టుకున్న విడిది ఇంటికి సామాను, కర్టెన్లు, దీపాలు అన్నీ అమర్చే పని మాకు అప్పగించింది. సంక్రాంతికి బంధువులతో సహా అక్కడికి రావాలని వారి కోరిక. ఈలోగా ఒక టీవీ ఛానల్ వారు పండగ కార్యక్రమంలో మా ఇద్దరినీ పరిచయం చేస్తామనీ, ఆ ఇంట్లోనే డిసెంబరు మొదటి వారంలో షూటింగు పెట్టుకుందామనీ అంటున్నారు. వడ్రంగం పని ఇంకా సగంలోనే ఉంది. ఇటువంటి అవకాశం మళ్లీ రాదేమోనని మావారి ఆత్రుత. రెండూ ఎలా నెట్టుకురావాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: షూటింగుకు ఇంటివారు ఒప్పుకున్నారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఛానల్ వారికి మాట ఇచ్చేముందు తేల్చుకోవలసింది అదే. గృహప్రవేశం అయిందో లేదో కూడా అడగండి. పాలు పొంగించకముందే తమ ఇల్లు నలుగురికీ టీవీలో కనబడటం చాలా కుటుంబాల్లో పెద్దవాళ్లకు నచ్చదు. ధనుర్మాసంలో గృహప్రవేశ ముహూర్తాలు పెట్టరు కనుక, ఆ శుభకార్యం ఇంకా కాకపోతే డిసెంబరు మధ్యలోపు జరిపించుకోవాలి, లేదంటే మాఘమాసం దాకా ఆగాలి. అంటే మీరు సంక్రాంతి అనుకుంటున్న గడువు నిజానికి నెల ముందే ఉండవచ్చు.

ఇక పని సంగతి. షూటింగు తేదీ కోసం తొందరపడితే మొదట దెబ్బతినేది చెక్క సామాను మీది పాలిష్. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కోస్తాలో వానలూ తుఫానులూ ఉంటాయి. విశాఖను హుద్‌హుద్ అతలాకుతలం చేసింది 2014 అక్టోబరు 12న. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉన్న రోజున మేస్త్రీ చేత హడావిడిగా పాలిష్ కొట్టిస్తే అది తెల్లబారుతుంది, ఒక పూత ఆరకుండానే మరో పూత వేస్తే వేలి ముద్రలు పడిపోతాయి. కెమెరా ముందు ఒక పూట ఎలాగో గడిచిపోవచ్చు గానీ, సంక్రాంతికి వచ్చిన బంధువులు ఆ బల్ల మీదనే కాఫీ గ్లాసులు పెడతారు. అందుచేత పాలిష్ పనిని వీలైనంత వరకు విజయవాడలోనే పూర్తి చేయించి, బాగా ఆరిన తరువాత దుప్పట్లు చుట్టి లారీలో పంపడం మేలు.

సముద్రపు ఒడ్డున ఉండే విడిది ఇల్లు ఏడాదిలో ఎక్కువ భాగం తాళం వేసి ఉంటుంది. ఉప్పుగాలి మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది. మామూలు ఇళ్లలో వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా అక్కడ గోధుమ రంగు మచ్చలు తేలుతాయి కనుక బందులు, గడియలు, కర్టెన్ కడ్డీలు 316 రకంలో తీసుకోండి, ధర కొంత ఎక్కువైనా. అల్మరాలకు చెమ్మను తట్టుకునే, ఐఎస్ 710 గుర్తు ఉన్న ప్లైవుడ్డు వాడి, కోసిన అంచులన్నీ, కంటికి కనబడని వెనుక వైపు అంచులతో సహా, మూయించండి. చెమ్మ దూరేది అక్కడి నుంచే. పరుపులు గట్టి చెక్క మీద కాకుండా, మధ్య మధ్య ఖాళీలున్న పట్టెల మీద ఉంటే గాలి ఆడి బూజు పట్టదు. మందపాటి వెల్వెట్ కర్టెన్లు టీవీలో దర్జాగా కనబడతాయన్నది నిజమే. కానీ మూసి ఉంచిన ఇంట్లో ముందుగా ముక్క వాసన వచ్చేది వాటి నుంచే, కనుక ఉతికి ఆరేసుకోగల నూలు కర్టెన్లే వేయండి. వాచ్‌మన్ వారానికి ఒకసారి వచ్చి కిటికీలు తెరిచే ఏర్పాటు లేకపోతే పైన చెప్పినవేవీ పూర్తిగా పనిచేయవు.

కెమెరా కోసం ప్రత్యేకంగా చేయవలసినది మీరు అనుకునేంత లేదు. సన్నని చారలున్న సోఫా గుడ్డ టీవీలో అలలు అలలుగా కదులుతున్నట్టు కనబడుతుంది, కాబట్టి అది మానండి. చవక ఎల్ఈడీ బల్బులు మన కంటికి తెలియకపోయినా కెమెరాలో మినుకుమినుకుమంటాయి. వాటిని మారిస్తే ఇంటివారి కళ్లకూ హాయి. భీమిలిలో సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దున్నే సముద్రం వైపు కిటికీకి మీరు వీపు పెట్టి కూర్చుంటే ఇద్దరి ముఖాలూ నల్లగా వస్తాయి. పడమటి గదిని ఉదయం, సముద్రం వైపు హాలును మధ్యాహ్నం తర్వాత తీయమనండి. ఏటికొప్పాక లక్క బొమ్మలు పెట్టాలని మీకు అనిపించడం సహజం. అయితే లక్క వేడికి మెత్తబడుతుంది గనుక షూటింగు లైట్ల పక్కనా, ఎండ పడే కిటికీ గూటిలోనూ పెట్టకండి. సహజ రంగుల కలంకారీని కూడా ఎండ తగలని గోడకే తగిలించండి.

ఇల్లంతా చూపించాలన్న పట్టుదల ఛానల్ వారిది, మీది కాదు. హాలూ ఒక పడకగదీ పూర్తి చేసి ఆ రెండే తీయమని చెప్పండి; మిగతా గదుల్లో వడ్రంగులు పని చేస్తున్న దృశ్యం నాలుగు క్షణాలు చూపితే కార్యక్రమానికి అందమే గానీ లోటు కాదు. దానికి ఒప్పుకోకపోతే ఆ ఇంటిని వదిలి, మీరు ఇదివరకే పూర్తి చేసిన మరో ఇంట్లో, యజమానుల అనుమతితో తీయమనండి. వారు పరిచయం చేస్తామన్నది మీ ఇద్దరినే కదా. ‘మావారి ఆత్రుత’ అన్నారు గనుక, ఈ మాట ఛానల్ వారితో ఆయన చేతనే చెప్పించండి.

ఒప్పంద పత్రం మీద ఇంటి యజమాని సంతకం కూడా ఉండాలి. ఊరి పేరు చెప్పినా వీధి, గేటు, తాళాలు, కుటుంబ ఫొటోలు చూపరాదని అందులో రాయించండి, ఎందుకంటే నెలల తరబడి ఎవరూ ఉండని ఇల్లు ఎక్కడుందో అందరికీ తెలియడం క్షేమం కాదు. ఏదైనా పగిలితే ఎవరు భరిస్తారో కూడా రాసుకోండి. డ్రోన్‌తో తీస్తామంటే వెంటనే సరేననకండి: విశాఖ–భీమిలి దారిలో నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ కళింగ ఉంది. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం ఆ స్థలం డ్రోన్లకు సంబంధించి ఏ జోన్‌లోకి వస్తుందో మ్యాపులో చూసుకుని, అనుమతి కావలసి ఉంటే ఆ పత్రం ముందుగా చూపమనండి.

ప్రశ్న: అరకులో మా విడిది ఇంటిని అలంకరించినవారు టీవీ షూటింగు రోజున ఒక తివాచీ, రెండు ఇత్తడి దీపపు స్తంభాలు తెచ్చిపెట్టి, మర్నాడు తీసుకుపోయారు. కార్యక్రమంలో అవి చూసిన మా చుట్టాలు ఇప్పుడు అవెక్కడని అడుగుతున్నారు. వాటిని మాకు ఇవ్వమనవచ్చునా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మీకిచ్చిన అంచనా పట్టీలోనో బిల్లులోనో అవి ఉంటే తప్పకుండా అడగవచ్చు. లేకపోతే అవి షూటింగు కోసం తెచ్చినవే అయి ఉంటాయి. ఆ సంగతి ముందే మీకు చెప్పకపోవడం మాత్రం వారి పొరపాటే. ధర అడిగి చూడండి, కెమెరా ముందు ఒక రోజు వాడినవి కనుక తగ్గించి ఇవ్వవచ్చు. స్తంభాలు నిరభ్యంతరంగా కొనుక్కోండి గానీ, తివాచీ విషయంలో తొందరపడకండి. వానాకాలంలో ఇల్లు మూసి ఉంచేటట్లయితే అరకు చెమ్మకు అది బూజు పడుతుంది. ప్రతిసారీ చుట్టి అటక మీద పెట్టించే మనిషి అక్కడ ఉంటేనే తీసుకోండి.